సుడి వేసింది మనమే

ఏటా అదే ఫొటో. వానాకాలం వరి ఈని గింజ పాలుపోసుకునే వేళకు జిల్లా ఎడిషన్లో పడుతుంది. పచ్చని మడి నడుమ గుండ్రంగా, మాడిపోయినట్టు, ఎండుగడ్డి రంగు తిరిగిన మచ్చ. గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న రైతు. కింద వార్తలో సుడిదోమ ‘విరుచుకుపడింది’ అని ఉంటుంది. మర్నాడు అధికారుల ప్రకటన వస్తుంది, ఫలానా మందు లీటరు నీటికి ఇన్ని గ్రాములు కలిపి కొట్టమని. ఆ సాయంత్రానికి పురుగుమందుల కొట్టు ముందు బండ్లు బారులు తీరతాయి. వచ్చే ఏడు మళ్లీ అదే ఫొటో, అదే ప్రకటన. మందు పేరు ఒక్కటే కొత్తది.

దోమ విరుచుకుపడదు. మన మడిలోనే, మన కళ్ల ముందే, రెండు మూడు తరాలపాటు పెరుగుతుంది. అలా పెరగడానికి ఎలాంటి ఒళ్లు కావాలో మనం కల్పించిన పరిస్థితిని బట్టి తేల్చుకుంటుంది. ఈ సంగతి శాస్త్రానికి తెలుసు. మన పరిశోధన కేంద్రాలకు తెలుసు. వ్యవసాయ కళాశాలల్లో పాఠంగా చెబుతారు. రైతు చెవిన పడే సలహాలో మాత్రం ఉండదు. ఆ లోపం మీద నాకు కోపం ఉంది. దాన్ని దాచుకోకుండానే రాస్తున్నాను.

అనుమానం ఉన్నవాళ్లు మడిలోకి దిగి చూడండి. గట్టు మీద నిలబడితే ఏమీ కనపడదు. దుబ్బులు విడదీసి, నీళ్లకు బెత్తెడు ఎత్తున, కాండం మొదళ్ల దగ్గర చూడాలి. దుబ్బును పక్కకు వంచి రెండుసార్లు తడితే గోధుమరంగు పురుగులు నీళ్ల మీద రాలి, అడ్డంగా గెంతి, మళ్లీ కాండాన్ని కరుచుకుంటాయి. బియ్యపు గింజంత కూడా ఉండవు. వాటిలో ఆడపురుగుల్ని ఏరి అరచేతిలో పెట్టుకుని చూస్తే రెండు రకాలు తేలతాయి. ఒకదాని రెక్కలు పలచని పొరలా మెరుస్తూ ఒంటిని దాటి వెనక్కి సాగి ఉంటాయి. రెండోదాని రెక్కలు సగం పొట్ట దాకా వచ్చి ఆగిపోతాయి. పొట్ట మాత్రం గుడ్లతో ఉబ్బి, నడవడానికే బరువుగా ఉంటుంది. మొదటిది ఎగురుతుంది. రెండోది ఎగరలేదు, ఎగరాల్సిన అవసరమూ దానికి లేదు. ఆకుతొడిమను చీల్చి లోపల వరసగా గుడ్లు పెట్టడమే దాని పని. ఆ గాట్లు పైకి గోధుమరంగు చారల్లా కనపడతాయి.

ఈ రెండూ వేర్వేరు జాతులు కావు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి రెండు రకాలూ రావచ్చు. పిల్లపురుగు ఐదు దశలు దాటి రెక్కల పురుగవుతుంది. ఆ దశల్లో దానికి అందిన మేత ఎలాంటిది, చుట్టూ ఎన్ని పురుగులు ఒరుసుకుంటున్నాయి అన్నదాన్ని బట్టి రెక్క పొడుగు తేలుతుంది. మొక్క లేతగా, రసం నిండుగా ఉండి, జనం పలచగా ఉంటే పొట్టి రెక్కలు. జనం కిక్కిరిస్తే, మొక్క ముదిరి పండుబారితే పొడుగు రెక్కలు. జన్యువులు మారకుండా పరిస్థితిని బట్టి ఒళ్లు మారే ఈ గుణాన్ని జీవశాస్త్రంలో ఫీనోటైపిక్ ప్లాస్టిసిటీ అంటారు. చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో నేచర్ పత్రికలో దీని లోపలి మర్మం బయటపెట్టారు. మన ఒంట్లో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ వ్యవస్థకు చుట్టమే ఒకటి ఈ పురుగులోనూ ఉంది. దానికి గ్రాహకాలు రెండు. మొదటిది పనిచేస్తే పొడుగు రెక్క. రెండోది మొదటిదాన్ని అణిచిపెడితే పొట్టి రెక్క. ముదిరిన వరి రసంలో పెరిగే గ్లూకోజు పొడుగు రెక్క వైపు నెట్టే సంకేతమని 2018లో మరో పరిశోధన చూపించింది. అంటే మన పైరు ఏ వయసులో ఉందో, ఎంత బలంగా ఉందో ఆ పురుగు రసం తాగి తెలుసుకుంటోంది.

ఇప్పుడు మడి లెక్క వేయండి. నాటిన కొద్ది రోజులకు గాలివాటున కొన్ని పొడుగు రెక్కల ఆడపురుగులు వచ్చి దిగుతాయి. చాలా కొద్దిగా, ఎవరి కంటా పడనంత. వాటి పిల్లలు లేత పైరు తాగి, విశాలమైన చోట పెరిగి, ఎక్కువగా పొట్టి రెక్కలవే అవుతాయి. రెక్కల మీదా ఎగిరే కండరాల మీదా పెట్టాల్సిన బలమంతా గుడ్ల మీద పెడతాయి. పొడుగు రెక్కల వాటికన్నా ముందే గుడ్లు మొదలుపెడతాయి, ఎక్కువ పెడతాయి. ఒక్కో తల్లి వందల్లో. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా నెల లోపే. పైరు ఈనే వేళకు మూడో తరం దిగుతుంది. అప్పుడు దుబ్బుకు వందలు. రసం పీల్చిపీల్చి కాండం ఎండుతుంది, పురుగులు విసర్జించిన జిగురు మీద నల్లబూజు పడుతుంది, ఒకచోట మొదలైన మచ్చ చుట్టూ విస్తరిస్తుంది. అదే సుడి. కిక్కిరిసిన ఆ పురుగుల పిల్లలు పొడుగు రెక్కలు తొడుక్కుని లేచిపోతాయి. పత్రికలో ఫొటో పడే నాటికి ఆ మడిలోంచి చాలా పురుగులు ఎగిరి వెళ్లడం మొదలైపోయి ఉంటుంది. మనం అప్పుడు మందు కొడతాం.

జనాభా పెరుగుదల పాఠంలో పెరుగుదల రేటును ఒక స్థిర సంఖ్యగా రాసి చూపిస్తారు. సుడిదోమకు అది స్థిరం కాదు. మడి ఎంత లేతగా ఉంటే, ఎంత ఎరువు తాగి ఉంటే ఆ సంఖ్య అంత పైకి పోతుంది. జనం ముదిరాక అదే పురుగు తన పెరుగుదలను మన మడిలోంచి పక్క మడికి మోసుకుపోతుంది. ఇది తెలియకుండా దుబ్బుకు ఎన్ని పురుగులని మాత్రమే లెక్కబెట్టడం అరకొర చదువు. దుబ్బుకు పది పొట్టి రెక్కల తల్లులు ఉన్న మడికీ, పది పొడుగు రెక్కల పురుగులు ఉన్న మడికీ రాబోయే మూడు వారాలు ఒకటి కావు.

మిడతల విషయంలో ఈ గుణానికి భయపడటం మనకు వచ్చు. ఒంటరిగా బతికే మిడతా, దండుగా లేచే మిడతా ఒకటే జాతి అని కీటక శాస్త్రవేత్త బోరిస్ ఉవరోవ్ 1921లోనే చూపించాడు. 2020లో దండు మహారాష్ట్ర దాకా వస్తే తెలంగాణ సరిహద్దు జిల్లాలన్నీ కాపలా కాశాయి. కమిటీ వేశారు, ఫైరింజన్లు సిద్ధం చేశారు. మంచిదే. దండు ఇక్కడికి రాలేదు. అదే గుణం ఉన్న సుడిదోమ ప్రతి ఏడూ వస్తుంది. దానికి కమిటీ లేదు, కాపలా లేదు. కొట్టువాడి సలహా ఉంది.

మరి లేత రసం ఎవరు పోస్తున్నారు? యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. డీఏపీ బస్తా 1350. పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇస్తామని 2010లో విధానం తెచ్చి, అందులోంచి యూరియాను బయట పెట్టారు. ఒక్క నత్రజని చవక, మిగతావన్నీ ప్రియం. చేతిలో డబ్బులేని కౌలురైతు దేన్ని చల్లుతాడు? నత్రజని ఎక్కువైన పైరు రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, దోమ పిల్లలు ఎక్కువగా బతుకుతాయి, తల్లులు ఎక్కువ గుడ్లు పెడతాయి. ఇది దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో నలిగిన విషయం. యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి ఎండలో నిలబడిన రైతును నేను తప్పుపట్టను. ధరను అలా నిర్ణయించిన ఢిల్లీ బల్లను తప్పుపడతాను.

ఒత్తు నాట్ల సంగతి మరీ బాధ. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని మన విశ్వవిద్యాలయాల కరపత్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. గాలీ వెలుతురూ మొదళ్ల దాకా దిగుతాయి, తేమ తగ్గుతుంది, దోమకు చోటు ఇరుకవుతుంది. ఎంతమంది తీస్తున్నారు? పదోవంతు నేల పోతుందని రైతు భయం. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకున్న నాట్ల ముఠాకు తాడు పట్టి బాట వదలడం కూలి లేని అదనపు పని. ఆ భయాన్ని తీర్చే మాట ఒకటుంది, దాన్ని ఎవరూ విడమరిచి చెప్పరు. ఒళ్లు మార్చుకునే గుణం దోమకే కాదు, వరికీ ఉంది. ఒత్తుగా నాటితే నాలుగైదు పిలకలతో సరిపెట్టుకునే మొక్క, చుట్టూ చోటు దొరికితే ముప్ఫై నలభై పిలకలు వేస్తుంది. బాట పక్కన దుబ్బు బాటను చాలావరకు పూడ్చేస్తుంది. 2003లో వ్యవసాయ శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ గారు అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి శ్రీ వరి పద్ధతిని తెచ్చినప్పుడు, 25 సెంటీమీటర్ల ఎడంలో ఒంటి నారు పెడితే మొక్క ఎంత విప్పారుతుందో వేల మంది రైతులు కళ్లారా చూశారు. కూలీల కొరతతో, కలుపు బాధతో ఆ పద్ధతి పెద్దగా నిలవలేదు. మొక్క చూపించిన సత్యం మాత్రం అబద్ధం కాలేదు.

ఇక మందు. నా కోపంలో ముప్పాతిక భాగం దీని మీదే.

నాటిన ఇరవై, ముప్ఫై రోజులకు ఆకుల మీద తెల్లచారలు కనపడతాయి. ఆకుముడత. రైతు గుండె గుభేలుమంటుంది. కొట్టుకు వెళ్తాడు. అక్కడ అప్పు ఖాతా ఉంటుంది, సలహా కూడా అక్కడే దొరుకుతుంది, రెండూ ఒకే మనిషి చేతిలో. చవకైన సింథటిక్ పైరిత్రాయిడ్ సీసానో, రెండు మందులు కలిపిన డబ్బానో చేతికొస్తుంది. కొడతాడు. రెండు రోజుల్లో పురుగు చచ్చి పడుతుంది, అతనికి ఊపిరి వస్తుంది. అదే రోజు ఆ మడిలో సాలీళ్లు చస్తాయి. దోమ గుడ్లను వెతికి రసం పీల్చే మిరిడ్ నల్లులు చస్తాయి. ఆకుతొడిమ లోపల దాగిన దోమ గుడ్లకు మాత్రం మందు సరిగా తగలదు. వారం తిరిగేసరికి అవి పొదుగుతాయి, మేసే శత్రువు లేని లేత పైరులో. అంతటితో అయిపోలేదు. చంపడానికి చాలని మోతాదులో డెల్టామెత్రిన్ వంటివి తగిలితే దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో హైన్రిక్స్ బృందం 1970, 80 దశకాల్లోనే చూపించింది. విషాన్ని కూడా అది గుడ్లుగా మార్చుకుంటోంది. సుడిదోమ వచ్చే చోట ఈ తరగతి మందులు వరికి వాడవద్దని మన కరపత్రాల్లోనూ ఉంది. కొట్లో అమ్మకం ఆగలేదు.

ఆ తెల్లచారల ఆకులకు అసలు మందు అవసరమే లేదు. పిలకలు వేసే వయసులో వరి పోయిన ఆకులకు బదులు కొత్త ఆకులు వేసుకుంటుంది, దిగుబడి తగ్గదు. మొగి పురుగు సంగతి వేరు, దాని లెక్క వేరు. ఆకు తినే పురుగులకు మాత్రం మొదటి నలభై రోజులు మందు కొట్టకండి అన్న ఒక్క మాటను పట్టుకుని 1990 దశకంలో కీటక శాస్త్రవేత్త కె.ఎల్. హియోంగ్ వియత్నాం మెకాంగ్ డెల్టాలో ప్రచారం చేశాడు. మీ మడిలో ఒక మూల కొట్టకుండా వదిలి మీరే చూసుకోండి అని రైతులకు చెప్పాడు. చూసుకున్నారు. ప్రచారం సాగిన చోట పిచికారీలు సగానికి పడిపోయాయి, ధాన్యం తగ్గలేదు. మొక్కకున్న ప్లాస్టిసిటీని నమ్మడమే అక్కడ జరిగింది. మన దగ్గర ఆ నలభై రోజుల్లోనే డబ్బాలు ఖాళీ అవుతాయి. ఆ డబ్బాలే రెండు నెలల తరువాత సుడులై కనపడతాయి. ఆ సుడికి మళ్లీ మందు, ఈసారి మూడింతల ధర. ఇప్పుడు డ్రోన్ కూడా వచ్చింది. ఎకరం పది నిమిషాల్లో అయిపోతుందని గొప్పగా చెబుతారు. దోమ ఉండేది దుబ్బు మొదళ్లలో, తుంపరలో ఎక్కువ భాగం పడేది ఆకుల మీద.

ప్రభుత్వం తలుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇండోనేషియా ఉంది. అక్కడ పురుగుమందులకు ప్రభుత్వమే భారీ సబ్సిడీ ఇచ్చేది, కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. పీటర్ కెన్మోర్ వంటి కీటక శాస్త్రవేత్తలు మడుల్లో లెక్కలు తీసి చూపించారు, కొట్టిన చోటే దోమ ఎక్కువని. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరిపై 57 రకాల పురుగుమందుల్ని నిషేధించాడు. ఆ తరువాత రెండు మూడేళ్లలో సబ్సిడీ కూడా ఎత్తేశారు. రైతులకు మడిలోనే బడి పెట్టారు. మందుల వాడకం బాగా తగ్గింది, ధాన్యం తగ్గలేదు. సుహార్తో ప్రజాస్వామికుడేమీ కాదు. ఆ పాలకుడు విన్న మాటను ఓట్లేసి గెలిపించుకున్న మన పాలకులు ఎందుకు వినరు?

నా మడి, నా మందు, నా ఇష్టం అనే వాదన ఒకటి వినపడుతుంది. పొడుగు రెక్క ఆ వాదనను చెల్లనివ్వదు. 1967 జులైలో పసిఫిక్ సముద్రం మీద, జపాన్ తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న వాతావరణ నౌక మీదికి ఈ దోమలు గుంపులుగా వచ్చి వాలాయి. జపాన్ చలికి ఇవి బతకవు. ఏటా దక్షిణం నుంచి గాలి మీద వస్తాయి. సముద్రం దాటే పురుగుకు పంట కాలవ ఒక హద్దా? పైగా అది ఒట్టి చేతులతో రాదు. ఒకచోట ఇమిడాక్లోప్రిడ్ కొట్టికొట్టి తట్టుకునే పురుగులు మిగిలితే, కిక్కిరిసినప్పుడు రెక్కలు తొడుక్కుని లేచేవి అవే. ఆ మందుకు లొంగని దోమ 2005 నాటికి చైనాను ముంచెత్తింది. మన డెల్టాలో సార్వా కోయకముందే దాళ్వా నారు పోసే ఊళ్లున్నాయి. తెలంగాణలో యాసంగి వరి ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఊరికో తేదీన నాట్లు పడితే, ఒక మడి పండుబారి రెక్కలిచ్చి పంపే నాటికి పక్క ఊళ్లో లేత మడి సిద్ధంగా ఉంటుంది.

వంగడాల మీద భారం వేసి చేతులు దులుపుకోవడమూ చూస్తున్నాను. మార్టేరు పరిశోధన కేంద్రం తట్టుకునే రకాల కోసం చేసిన కృషికి ఈ నేల రుణపడి ఉంది. విజేత, కాటన్‌దొర సన్నాలు లేకపోతే ఎన్ని సంసారాలు కూలిపోయేవో. కానీ ఒక్క జన్యువును నమ్ముకుంటే ఏమవుతుందో 1973లో విడుదలైన ఐఆర్ 26 చెప్పింది. కొద్ది ఏళ్లకే దోమ దాన్ని తినడం నేర్చుకుంది. తట్టుకునే విత్తనం వేసి, దాని మీద యూరియా గుమ్మరించి, సాలీళ్లను చంపుకుంటే ఆ విత్తనం ఎన్నేళ్లు నిలుస్తుంది? సాంబ మసూరికి మార్కెట్లో ధర ఉంది, దోమను ఆపే శక్తి లేదు. ధర కోసం దాన్నే వేయమని మిల్లులు చెబుతాయి. సుడి పడ్డప్పుడు ఆ మిల్లుల వాళ్లెవరూ మడి గట్టుకు రారు.

అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవసాయ శాఖలు రెండింటినీ అడుగుతున్నాను. ప్రతి రైతు వేదిక ముందు, ప్రతి రైతు సేవా కేంద్రం ముందు ఒక దీపపు ఎర పెట్టండి. దీపానికి పడేది ఎగరగలిగిన పొడుగు రెక్కల పురుగే కాబట్టి ఊళ్లోకి ఏ వారం ఎన్ని దిగాయో అదే చెబుతుంది. రెండు వారాల తరువాత అదే ఊళ్లో దుబ్బులు తట్టి, పొట్టి రెక్కల తల్లులెన్నో విడిగా లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు పది పదిహేను, ఈనిక వేళ ఇరవై, ఇరవై ఐదు అని మీరు చెప్పే హద్దు పక్కన, వాటిలో ఎన్ని పొట్టి రెక్కలవో కూడా రాయండి. సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ ఆ పక్కనే రాయండి. బోర్డు మీద తెలుగులో, వారం వారం. వరికి పైరిత్రాయిడ్ అమ్మిన కొట్టు లైసెన్సు రద్దు చేయండి. కాలిబాట తీసిన ఎకరానికి ఆ నాట్ల కూలి తేడా మీరు కట్టండి. ఒక్క పిచికారీ ఖర్చుకన్నా అది ఎక్కువ కాదు. ఒక కాలవ కింద ఊళ్లన్నిటికీ నీళ్లు వదిలే తేదీతోపాటు నాట్లు ముగించే తేదీ కూడా ప్రకటించి, దానికి కట్టుబడండి. ఇవేవీ కొత్త పరిశోధన అడిగేవి కావు. వచ్చే ఖరీఫ్ నారుమళ్లు పోయకముందే మొదలుపెట్టవచ్చు, మండల వ్యవసాయాధికారికి ఆ పని అప్పగించి, ఎరువుల క్యూల కాపలా నుంచి అతన్ని తప్పిస్తే.